తిండికీ మోతాదు రాయండి: విశాఖ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి, మహా విశాఖ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి,

నమస్కారం.

విశాఖలో పోషకాహారం, నర్సింగ్, ల్యాబ్ పనుల్లో ఉన్న కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. సర్కారు ఆసుపత్రుల్లో షుగరు, బీపీ ఓపీ దగ్గర రోజూ వినబడే మాటలు ఇవి: "తిండి తగ్గించు, ఉప్పు మానెయ్, నూనె వద్దు." ఓపీ చీటీ తీసి చూడండి. పైన షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ 500, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, తిన్న తర్వాత, 30 రోజులు అని రాసి ఉంటుంది. దాని కింద ఒక గీత. గీత కింద "డైట్" అని ఒక్క ముక్క. మందుకు మోతాదు ఉంది, వేళ ఉంది, ఎన్నాళ్లో ఉంది, ఏ కిటికీ దగ్గర తీసుకోవాలో కూడా ఉంది. తిండికి ఇవేవీ లేవు. నెల తిరిగాక షుగరు దిగకపోతే మాత్రం తప్పంతా రోగిదే అవుతుంది.

మా మనవి ఒక్కటే. తిండి సలహాను కూడా మందులాగే రాయండి: ఎంత, ఎప్పుడు, ఎక్కడ దొరుకుతుంది, మళ్లీ ఎప్పుడు చూస్తాం. అలా రాసి, ఆ తిండి ఆ మనిషికి అందేలా చూశాక, పాటించే బాధ్యత నీదే అని గట్టిగా చెప్పండి. మేమూ మీతో గొంతు కలుపుతాం.

"నోరు కట్టుకోలేనివాళ్లకి జనం సొమ్ముతో వైద్యం ఎందుకు?" అనే మాట చదువుకున్నవాళ్ల నోటే తరచూ వినిపిస్తోంది. ఈ మాటను మేము ఒప్పుకోం. అన్ని జబ్బులూ నోటి నుంచి రావు. పొరుగునే శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఉద్దానంలో ఇన్నేళ్లుగా కిడ్నీలు పాడవుతుంటే, అది వాళ్ల తిండి చేసిన పాపమని ఎవరు అనగలరు? చిన్నపిల్లలకు వచ్చే టైప్ 1 షుగరు ఎవరి తిండి తప్పు? ఇంకొక సంగతి, షుగరు మాత్ర దగ్గర చేయి బిగబడితే ఖజానాకు మిగిలేది ఏమీ ఉండదు. అదే మనిషి కొన్నేళ్లకు డయాలసిస్ మంచం మీదకు రావచ్చు. వారానికి మూడు సార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. ఆ ఖర్చు కూడా ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ ఖజానాదే.

అలాగని "మా వంశంలోనే ఉంది, మా రాత ఇంతే" అనే మాటనూ ఒప్పుకోం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, మన దేశంలోని మొత్తం రోగభారంలో 56.4 శాతం సరైన తిండి లేకపోవడం వల్లేనని లెక్క చెప్పింది. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉంది, 13.6 కోట్ల మంది షుగరుకు ముందు మెట్టు మీద ఉన్నారు. ఈ రెండో గుంపులో చాలామందిని తిండి, నడకతోనే వెనక్కి తేవచ్చు. అందుకే తిండి సలహా ఇంత పొడిపొడిగా ఉంటే మాకు బాధ.

కొలతలతో మొదలుపెడదాం. ఆ మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీల భోజనానికి తృణధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100, పప్పులు లేదా గుడ్డు, చేప, మాంసం కలిపి 85, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు అని ఉంది. ఈ అంకెలు అలాగే చీటీ మీద అచ్చువేస్తే కంచరపాలెంలోనో గాజువాకలోనో వంట చేసే ఇల్లాలికి ఏం ఉపయోగం? ఎవరింట్లో త్రాసు ఉంది? ప్రతి ఇంట్లో ఉండేది స్టీలు గ్లాసు. 200 మిల్లీలీటర్ల గ్లాసు అంచుకు సమంగా, అదమకుండా నింపితే ఉడికిన అన్నం సుమారు 150 గ్రాములు వస్తుంది. కూర్చుని పనిచేసే షుగరు మనిషికి మధ్యాహ్నం ఆ ఒక్క గ్లాసు అన్నంతో మొదలుపెట్టమనాలి. అన్నం ఎంతో కూర అంత, పప్పు అందులో సగం, చివర ఒక చిన్న గిన్నె పెరుగు. ముందు కూర, పప్పు కొంత తిని, తర్వాత అన్నం కలుపుకుంటే తిన్నాక షుగరు ఎగబాకడం తగ్గుతుంది. ఇది పైసా ఖర్చు లేని మార్పు. హార్బర్‌లో మూటలు మోసే మనిషికీ, షిప్‌యార్డులో వెల్డింగ్ చేసే మనిషికీ ఇదే గ్లాసు చాలదు, వాళ్లకు రెండు రాయాలి. అందరికీ ఒకే కాగితం అచ్చు వేయవద్దనేది అందుకే.

ఉప్పు, నూనె, పంచదార మనిషి లెక్కన చెబితే ఎవరికీ పట్టవు. వాటిని నెలసరుకుల లెక్కలో చెప్పండి. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్ నెల తిరక్కుండా అయిపోతోందంటే ఒక్కొక్కరూ 8 గ్రాములు దాటేసినట్టే, అదీ బయట తిన్నవి కలపకుండా. నూనె ఆ ఇంటికే నెలకు మూడున్నర ప్యాకెట్లు, ప్యాకెట్ 910 గ్రాముల లెక్కన. పంచదార, బెల్లం, కూల్‌డ్రింకులు, స్వీట్లు అన్నీ కలిపి మనిషికి రోజుకు 25 గ్రాములే అనుకుంటే, రెండు చెంచాలు వేసిన టీ మూడుసార్లు తాగినవాళ్లకు టీతోనే 30 అయిపోయింది. ఈ లెక్క వార్డు ఆరోగ్య కార్యదర్శి ఇంటి గడప దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో వేయగలరు. "నెలకి ఉప్పు ప్యాకెట్లు ఎన్ని, నూనె ప్యాకెట్లు ఎన్ని?" అని అడగడమే పరీక్ష. రక్తం తీయనక్కర్లేదు.

"ఉప్పు మానేశానమ్మా" అన్నవాళ్ల బీపీ దిగకపోవడానికి కారణాలు మనకు తెలిసినవే. కూరలో తగ్గించి ఆవకాయ పెంచుతారు. అప్పడం, ఎండు చేపలు, మజ్జిగలో చిటికెడు, సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్. ఎండు నెత్తళ్లు వదల్లేనివాళ్లు వండే ముందు అరగంట నానబెట్టి, రెండు మూడు సార్లు నీళ్లు మార్చితే ఉప్పు కొంత దిగుతుంది, మొత్తం పోదు. అదే హార్బర్‌లో పచ్చి నెత్తళ్లు, కవ్వళ్లు, కానాగంతలు దొరుకుతాయి. పెద్ద చేపలకంటే చవక, గుండెకు మేలు. వేపుడు కాకుండా పులుసు పెట్టమని చీటీ మీదే రాయాలి. ఇక సైంధవ లవణం బీపీ పెంచదనే నమ్మకం ఒకటి నగరమంతా పాకింది. అదీ సోడియం క్లోరైడే. పైగా చాలా రకాల్లో అయోడిన్ కలపరు. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదానిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకూ, టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లకూ డాక్టరుకు చెప్పకుండా అది వాడటం ప్రమాదం. టెల్మిసార్టన్ ఇచ్చే ప్రతి కిటికీ దగ్గర ఈ ఒక్క వాక్యం అంటించండి.

చోళ్ల (రాగుల) గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మంచి సలహాయే చెడిపోతోంది. మన ఉత్తరాంధ్రకు చోడి అంబలి కొత్త కాదు. పాడేరు, అరకు వైపు నుంచి చోళ్లు, సామలు నగరానికి వస్తూనే ఉన్నాయి. చోళ్లలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంది, బియ్యంలో అది పదికి కూడా రాదు. పీచు చోళ్లలో 11 గ్రాములు, తెల్ల బియ్యంలో 3 గ్రాముల లోపు. ఇంతవరకూ నిజం. కానీ శక్తి దాదాపు సమానం. పిండి పదార్థం అటూ ఇటూగా అంతే. చోడిపిండి మెత్తగా మరపట్టించి, జల్లించి, పల్చగా జావ కాచి, బెల్లం వేసుకుని పొద్దున్నే రెండు గ్లాసులు తాగితే షుగరు అన్నానికంటే ముందే ఎక్కుతుంది. జల్లెట్లో మిగిలిన పొట్టే అసలు మందు, దాన్నే పారేస్తున్నాం. అన్నం మానేసి రాత్రి నాలుగు జొన్నరొట్టెలు తినేవాళ్ల సంగతీ ఇంతే. "చిరుధాన్యాలు తినండి" అని గోడ మీద రాయించడం తేలిక. "జల్లించని పిండి, బెల్లం లేకుండా, చిక్కగా ఒక గ్లాసు, పక్కన ఒక గుడ్డు లేదా గుప్పెడు వేరుశనగలు, ఆ పూట అన్నం లేదు" అని రాస్తేనే అది వైద్యం.

రేషన్ బియ్యం సంగతి కూడా చెప్పాలి. చేటలో బియ్యం ఏరుతుంటే అక్కడక్కడా కొంచెం రంగు తేడాగా, నున్నగా ఉండే గింజలు కనబడతాయి. నీళ్లు పోస్తే కొన్ని పైకి తేలతాయి. "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి కోళ్లకు వేసేస్తున్నారు. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి బియ్యప్పిండితో చేసిన గింజలు, వందకు ఒకటి చొప్పున కలిపినవి. ప్రభుత్వం డబ్బు పెట్టి కలిపినదాన్ని ఆ ఇల్లాలు కష్టపడి ఏరి పారేస్తోంది. తప్పు ఆమెది అనగలమా? రేషన్ ఇచ్చే చోట ఒక గాజు గ్లాసులో ఆ గింజలు వేసి, ఉడికించి, మెత్తబడడం చూపిస్తే పది నిమిషాల పని. అన్నం వార్చి గంజి పారబోయకుండా చారులోనో అంబలిలోనో కలుపుకోమని కూడా అప్పుడే చెప్పాలి. నీళ్లలో కరిగే విటమిన్లు ఆ గంజిలోనే ఉంటాయి.

ఐరన్ మాత్రలదీ ఇదే కథ. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. గర్భిణులకు రోజూ ఒకటి చొప్పున 180 రోజులు మాత్ర ఇస్తున్నారు. చాలామంది ఆ మాత్రను టీతో వేసుకుంటారు, లేదా కాల్షియం మాత్రతో కలిపి మింగుతారు. రెండింట్లోనూ ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. టీకి, ఐరన్‌కు మధ్య కనీసం గంట, కాల్షియానికి ఇంకో పూట, మాత్రతో పాటు నిమ్మకాయ నీళ్లు. మలం నల్లగా వస్తుంది, భయపడవద్దని ముందే చెప్పకపోతే వారంలోనే మానేస్తారు.

ఇప్పుడు పరీక్షలు. తిండి పాటించాడో లేదో తేల్చేది పరీక్షే కాబట్టి, ఆ పరీక్షే తప్పుగా జరిగితే బాధ్యత మాట ఎత్తడానికి ఎవరికీ హక్కు లేదు. పరగడుపు పరీక్షకు 8 నుంచి 10 గంటలు చాలు. భీమిలి, పెందుర్తి వైపు నుంచి మొదటి బస్సుకు వచ్చిన పెద్దమనిషి వరసలో నిలబడి పదకొండుకు రక్తం ఇస్తే అది 14 గంటలు దాటిన ఉపవాసం. గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర అలవాటుగా పొద్దున్నే వేసుకుని వచ్చాడంటే వరసలోనే చెమటలు పట్టి కూలబడతాడు. అప్పుడు 3 చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేయాలి. షుగరు మనిషికి పంచదారా అని పక్కవాళ్లు అడ్డుపడతారు, షుగరు 70 కంటే దిగితే అదే మందు. పరగడుపు వాళ్లకు ఏడుంపావుకే వేరే కిటికీ తెరిస్తే ఈ ముప్పు సగం తప్పుతుంది. "రక్తం ఇచ్చి, తిన్నాకే మాత్ర" అని ముందు రోజు చీటీ మీదే రాయాలి.

తిన్న తర్వాత పరీక్షలో ఇంకో పొరపాటు. రెండు గంటలు అంటే తినడం మొదలుపెట్టినప్పటి నుంచి రెండు గంటలు. గేటు బయట రెండు ఇడ్లీలు తిని ఇచ్చిన రక్తం, ఇంట్లో మూడు గరిటెల అన్నం తినే మనిషి గురించి ఏమీ చెప్పదు. రోజూ తినేదే తిని, రోజూ వేసుకునే మాత్ర వేసుకుని ఇవ్వాలి. మూడు నెలల సగటు చూపే పరీక్షకు ఉపవాసం అక్కర్లేదు, కానీ ఐరన్ తక్కువ ఉన్నవాళ్లలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. సికిల్‌సెల్ అనే రక్త జబ్బు ఉన్నవాళ్లలో, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లలో దాన్ని నమ్మకూడదు. ఏజెన్సీ నుంచి కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్‌కు) వచ్చేవాళ్ల విషయంలో ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి.

వార్డుల్లో వేలు గుచ్చి చేసే పరీక్షకు మన సముద్రపు గాలే శత్రువు. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి పక్కన పెడితే తేమకు స్ట్రిప్పులు పాడైపోయి తప్పుడు అంకెలు ఇస్తాయి. ఒకటి తీసిన వెంటనే మూత బిగించాలి. చేయి సబ్బుతో కడిగి ఆరాకే గుచ్చాలి. స్పిరిట్ తడి ఆరకుండా గుచ్చినా, మామిడిపండు తిన్న వేలిని కడగకుండా గుచ్చినా అంకె మారిపోతుంది. బీపీ అయితే, మెట్లెక్కి వచ్చిన మనిషికి నిలబెట్టి చూడటం ఆపండి. ఐదు నిమిషాలు కూర్చోనివ్వాలి, వీపు ఆనుకుని, పాదాలు నేల మీద, చేయి గుండె ఎత్తులో, మాటల్లేకుండా. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఎక్కువ చూపుతుంది, అనవసరంగా మాత్ర పెరుగుతుంది. ప్రతి అర్బన్ హెల్త్ సెంటర్‌లో పెద్ద పట్టీ ఒకటి ఉండాలి.

స్టీల్‌ప్లాంటులోనూ, పోర్టులోనూ రాత్రి పదికి డ్యూటీ ఎక్కి పొద్దున్న ఆరుకు దిగే మనిషికి "రాత్రి భోజనం తర్వాత" అనే మాటకు అర్థం లేదు. మాత్రను గడియారంతో కాక భోజనంతో ముడిపెట్టి రాయండి. తెల్లవారుజామున మూడింటికి క్యాంటీన్‌లో పూరీ, టీకి బదులు ఇంటి నుంచి తెచ్చుకున్న శనగలు, గుడ్డు అని రాయండి.

మత్స్యకారుల కోసం ఒక ప్రత్యేక విన్నపం. మరపడవల మీద వేటకు వెళ్లినవాళ్లు వారం, రెండు వారాలు ఒడ్డుకు రారు. వాళ్లకు పది రోజుల మాత్రలు ఇచ్చి మళ్లీ రమ్మంటే పదకొండో రోజు నుంచి మాత్ర లేనట్టే. కనీసం 30 రోజులవి ఇవ్వాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు బోటు మీద ఐసు ఉంది కదా అని సీసాను నేరుగా ఐసులో గుచ్చేస్తారు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా మళ్లీ పనిచేయదు, పారేయాల్సిందే. పొడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఐసు తగలకుండా చల్లటి చోట ఉంచాలని ఎవరో ఒకరు చూపించాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులు పడవలన్నీ ఒడ్డునే, మనుషులు ఇళ్లలోనే. హార్బర్ దగ్గర, జాలారిపేటల్లో 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు చూడటానికి, తేడా ఉన్నవాళ్లను రెండోసారి, మూడోసారి పిలవడానికి ఏడాదిలో ఇంతకు మించిన అదను లేదు.

నగరపాలక సంస్థ చేతిలో ఉన్నవి కూడా తక్కువేం కాదు. బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ కొవ్వు, ఉప్పు, తీపి ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని 2020 నాటి ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. టేపు పట్టుకుని 98 వార్డుల్లో కొలిస్తే తెలుస్తుంది. బజ్జీల బండి మీద నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కట్టి, తక్కువ మంటకే పొగ వస్తోందంటే దాని పని అయిపోయినట్టే. దానిలోనే కొత్త నూనె కలుపుతూ పోవడం వల్ల పాతది ఎన్నటికీ పోదు. ధ్రువ పదార్థాలు (నూనె మళ్లీ మళ్లీ కాగి విరిగితే పుట్టేవి) 25 శాతం దాటిన నూనె వాడకూడదని నిబంధన ఉంది, కొలిచే మీటరు చేతిలో పట్టేంతే. బండివాళ్ల పొట్ట కొట్టమని మేము అనడం లేదు. వాడిన నూనెను డబ్బు ఇచ్చి తీసుకునే ఏర్పాటు వార్డుకు ఒకటి పెడితే వాళ్లే తెచ్చి ఇస్తారు.

అన్న క్యాంటీన్లలో ఐదు రూపాయలకు పెట్టే భోజనం ఎందరికో ఆధారం. అక్కడ కూర ఒక గరిటె పెంచి, రెండో విడత అన్నం అడిగినవాళ్లకే పెడితే చాలు, రోజూ వందల మందికి పాఠం చెప్పినట్టే. రైతుబజార్లు కూలి పనివాళ్లు ఇళ్లకు చేరే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య కూడా కూరగాయలతో నిండుగా ఉండాలి. ఆ వేళకు వాడిన తోటకూర, ముదిరిన బెండకాయలే మిగిలితే 400 గ్రాముల కూరగాయల మాట ఎవరికి చెబుతాం?

ఇక జనానికి. ఉచితంగా వైద్యం అందుకుంటున్నప్పుడు మన వంతు మనం చేయాలి. ఓపీ పుస్తకం పారేయకుండా ప్రతిసారీ తేవాలి. మాత్రలు మానేస్తే మానేశామని నిజం చెప్పాలి, లేకపోతే డాక్టరు మోతాదు పెంచుతారు, అది మన ఒంటికే చేటు. ఉప్పు ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద తేదీ రాయాలి. ఇంట్లో ఒక్కరికి షుగరు ఉంటే వాళ్లకు విడిగా వండటం ఆడవాళ్ల నెత్తిన పెట్టకుండా ఇల్లంతా ఆ కూరే తినాలి. ఎంత తినాలో అర్థం కాకపోతే డాక్టరు ముందు నుంచి లేవకుండా "ఎన్ని గ్లాసులమ్మా?" అని అడగాలి. అడగడం తప్పు కాదు.

పెద్దలారా, చీటీ వెనక వైపు ఖాళీగానే ఉంటుంది. అక్కడ గ్లాసు బొమ్మ, అన్నం, కూర, పప్పు, గుడ్డు, ఉప్పు, నూనె పక్కన అంకె వేయడానికి గడులు, కింద మళ్లీ రావాల్సిన తేదీ అచ్చువేయించండి. అక్షరం రానివాళ్లకూ గ్లాసు బొమ్మ అర్థమవుతుంది. గడులు నింపడానికి ఒక్కో రోగి దగ్గర మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. డాక్టరుకు తీరిక ఉండదు కాబట్టి ఓపీ పక్క బల్ల దగ్గర శిక్షణ ఇచ్చిన నర్సును కూర్చోబెట్టండి. చీటీ నమూనా, నర్సులకు రెండు పూటల శిక్షణ పాఠం మేము తయారుచేసి ఇస్తాం, దానికి పైసా అక్కర్లేదు. ముందుగా రెండు అర్బన్ హెల్త్ సెంటర్లలో మూడు నెలలు నడిపి, మొదటి రోజు షుగరు, బీపీ, చివరి రోజు షుగరు, బీపీ పక్కపక్కన పెట్టి చూడండి. వాటిలో ఒకటి హార్బర్‌కు దగ్గరలోది అయితే, వచ్చే ఏప్రిల్ 15న వేట ఆగిన రోజే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
విశాఖలో పోషకాహార, నర్సింగ్, ల్యాబ్ రంగాల్లో పనిచేస్తున్న కొందరం